పటంలోని దీపం, పెంటకుప్పలోని గాలి



శ్రీరాంపూర్‌లో ఎవరైనా “బాయికి పోయిండు” అంటే, “ఏ బాయికి?” అని మళ్ళీ అడగవలసి వస్తుంది. ఒకటి పొలానికి నీరిచ్చే బావి. రెండవది సింగరేణి వారి బొగ్గుబావి. అన్న అరక పడితే తమ్ముడు బొగ్గుబావిలో దిగే ఇండ్లు ఇక్కడ వున్నవి. ఆ ఇద్దరికీ పనికివచ్చిన ఒక శాస్త్రజ్ఞుని పటాన్ని గురించి నేడు చెప్పుకుందాము.

ఆయన పేరు సర్ హంఫ్రీ డేవీ. 1778లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో పుట్టినాడు. 1829లో జెనీవాలో చనిపోయినాడు. మనము పొటాష్ ఎరువు అంటామే, ఆ పొటాష్‌లో వుండే పొటాషియం అనే లోహాన్ని 1807లో మొదట విడదీసినవాడు ఈయనే. థామస్ లారెన్స్ గీసిన ఈయన చిత్తరువు లండను రాయల్ సొసైటీలో వుంది. దానిని చూసి చెక్కి అచ్చువేసిన పటాలు అద్దాల చట్రాలలో గోడలకెక్కినవి. ఆ పటంలో దొరగారి పక్కన చిన్న దీపం ఒకటి కనబడుతుంది.

ఆ దీపం ఎందుకు? 1812లో ఉత్తర ఇంగ్లండులోని ఫెల్లింగ్ బొగ్గుగనిలో వాయువు అంటుకొని 92 మంది చనిపోయినారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. కూలీల చేతి దీపమే వారికి మృత్యువు. 1815లో డేవీ దీపపు మంట చుట్టూ సన్నని తీగల జల్లెడ అమర్చినాడు. గాలి లోపలికి వస్తుంది. మంట బయటికి పోబోతే తీగలు దాని వేడిని లాగివేస్తవి. చుట్టూ వాయువు వుంటే మంట మీద నీలి మొన లేస్తుంది. కంటికి కనబడని శత్రువును మంటే చూపిస్తుందన్నమాట! డేవీ దీనికి పేటెంటు తీసుకోలేదు. ఆ ఏడాదే జార్జి స్టీఫెన్‌సన్ కూడా వేరుగా ఒక దీపం చేసినాడు.

ఐతే దీపం వచ్చినంత మాత్రాన ప్రమాదాలు ఆగలేదు. దీపాన్ని నమ్మి, వాయువు ఎక్కువగా వుండే పొరలలోకి కూడా మనుషులను దింపినారు. జల్లెడకు చిల్లి పడితే రక్షణ పోయినట్లే.

ఇక అన్న సంగతి. డేవీ సుమారు పదేండ్లు ఇంగ్లండు వ్యవసాయ బోర్డు కోసం ఉపన్యాసాలిచ్చి, 1813లో వాటిని పుస్తకంగా అచ్చువేసినాడు. అందులో ఒక పరీక్ష మీరు వినదగినది. 1808 అక్టోబరులో ఆయన పొడుగు ముక్కున్న రిటార్టు అనే పాత్రలో వేడి మీద వున్న పశువుల పెంట నింపినాడు. దాని ముక్కును తోటలో గడ్డి వేళ్ళ కింద దూర్చినాడు. వారం తిరగకముందే అక్కడి గడ్డి తక్కిన గడ్డి కంటె ఏపుగా పెరిగింది!

చూశారా? పెంట వేళ్ళకు తగలనే లేదు. దానినుండి వచ్చిన ఆవిరే గడ్డిని పెంచింది. ఆ ఆవిరిలో అమ్మోనియా వుంది. అమ్మోనియాలో నత్రజని వుంది. గనిలో వాయువును మంట చూపితే, ఇక్కడ గడ్డి చూపింది.

డేవీ చెప్పినదంతా నిలవలేదు. మొక్క తన శరీరానికి కావలసిన బొగ్గుపదార్థాన్ని ఎరువు రసం నుండి కూడా తాగుతుందని ఆయన తలచినాడు. ఆకులు దానిని గాలినుండే తీసుకుంటవని తరువాతి వారు తేల్చినారు. కాని పెంటనుండి సారం గాలికి పోతుందన్న మాట నేటికీ నిజమే.

మరి మన పొలాలలో? ఎండాకాలంలో బండ్లతో పెంట తోలి, చిన్న కుప్పలు పోసి, వానల దాకా అట్లే వుంచుతాము. ఎండకు నత్రజని ఎగిరిపోతుంది. మిగిలినది మొదటి వానకు కొట్టుకుపోతుంది. పచ్చిపెంట చల్లమని కాదు. దానితో చెదలు, కలుపు వస్తవి. గుంటలో వేసి, పైన మట్టి కప్పి మగ్గనివ్వండి. దుక్కికి ముందు తోలి, చల్లిన నాడే మట్టిలో కలియదున్నండి. దీనికి పైసా ఖర్చు లేదు.

గ్రామాలలో పనిచేసే విస్తరణోద్యోగులకు ఒక మాట. పటంలో దీపం గీసినారు గాని గడ్డి గీయలేదు. ఆ గడ్డిని మీరు రైతుకు చూపండి. ఒకే చేనులో ఒక మడికి కప్పిన పెంట, పక్క మడికి ఎండిన పెంట వేయించండి. తేడాను పైరే చెబుతుంది.