ఫ్రెంచి వ్యాపార మర్యాదలు

ఫ్రెంచి సంస్థలతో పనిచేసేటప్పుడు పాటించే పద్ధతులు. వీటిని తెలుసుకోవలసిన అవసరం తెలంగాణకు కొత్తది కాదు: హైదరాబాదు టీకాల సంస్థ శాంతా బయోటెక్నిక్స్ 2009లో ఫ్రెంచి సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది, 2017లో అక్కడ మొదలైన మెట్రో రైళ్లను నడిపే పని మరో ఫ్రెంచి సంస్థ కియోలిస్ చేపట్టింది.

‘బోంజూర్’ అనకుండా పని సంగతి ఎత్తుకోవడం ఫ్రాన్సులో మోటుతనం. ఇంటిపేరుకు ముందు ‘మస్యూ’, ‘మదామ్’ చేర్చి పిలుస్తారు. ‘గారు’ అలవాటున్నవారికి ఇది కష్టం కాదు. చిక్కంతా చర్చల్లోనే. ఫ్రెంచివాళ్లు ఎదురుగానే ఖండిస్తారు, అది కోపం కాదు. మనవాళ్ల మొహమాటపు ‘చూద్దాం సార్’ మాత్రం వాళ్లకు ఒప్పుకోలుగా వినిపించవచ్చు. మధ్యాహ్న భోజనం తీరిగ్గా సాగుతుంది. బేరం మాట తరచు చివర్లోనే వస్తుంది. ఆగస్టులో చాలామంది సెలవుల్లో ఉంటారు కనుక సంతకాలు జూలైలోపు పూర్తిచేసుకోవడం మేలు.