నీలివర్ణమును ప్రాణశక్తి కొలతయును

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినగానే మనవారికి ఔషధములు స్ఫురించుట సహజము. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకు వెడలిన ఆ మహనీయుని తొలి కీర్తికి మూలము మందు కాదు, ఒక కొలత. శ్వాసక్రియా పరిశోధన చరిత్రలో ఆ కొలతకు గల స్థానమును నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఎలక్ట్రానులను కోల్పోవుట ఆక్సీకరణము, గ్రహించుట క్షయకరణము. ఈ రెండును జంటగనే జరుగును. ఎలక్ట్రానులు కంటికి గోచరింపవు గనుక పూర్వ పరిశోధకులు వాని రాకపోకలను రంగు మార్పుచే గుర్తించిరి. స్వీడను దేశీయుడగు థున్‌బెర్గ్ గాలి తీసివేసిన గాజునాళికలో కణజాలమునకు మెథిలీన్ బ్లూ చేర్చి, ఆ నీలిరంగు పోవుటకు పట్టు కాలమును లెక్కించెను. కాలము తగ్గినకొలది క్షయకరణశక్తి హెచ్చన్నమాట.

1925లో కేంబ్రిడ్జిలో డేవిడ్ కైలిన్ సైటోక్రోములను గూర్చిన తన పరిశీలనలను ప్రకటించెను. వర్ణదర్శినిలో ఈస్టును చూడగా నాలుగు పట్టీలు కనబడెను. గాలి తగిలిన అవి మాయమగును. గాలి అందనిచో మరల తోచును. సయనైడు చేర్చినచో గాలి తగిలినను నిలిచియుండును. విషము శ్వాసక్రియ నడ్డగించుటను కంటికి చూపిన ప్రయోగమిది.

ఆ 1925లోనే హార్వర్డులో ఫిస్కీ, సుబ్బారావుగారలు భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఫాస్ఫేటుగల ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటును చేర్చి, అమినోనాఫ్తాల్ సల్ఫోనికామ్లముచే క్షయకరణము గావించిన నీలివర్ణము కలుగును. దాని గాఢతనుబట్టి ఫాస్ఫేటు పరిమాణము తెలియును. కండరసారమున మాత్రము ఆ రంగు ఆలస్యముగా వచ్చుచుండెను. దానిని దోషమని త్రోసివేయక కారణమును వెదకగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయల్పడెను.

1948లో కెనెడీ, లెనింజర్ అనువారు ఆక్సీకరణమును, దానితో ముడివడిన ఫాస్ఫేటు బంధనమును మైటోకాండ్రియాలో జరుగునని నిరూపించిరి. పిమ్మట నిరోధకముల అన్వేషణ విస్తరించెను. ఏటీపీని విడగొట్టు ప్రోటీనును పరీక్షింపదలచినచో, విడివడిన ఫాస్ఫేటును ఈ నీలివర్ణముతోనే కొలువవచ్చును. 1956లో క్లార్కు ప్రకటించిన ఆక్సిజన్ ఎలక్ట్రోడు మరియొక సాధనమయ్యెను. సయనైడును, 1958లో లార్డీ ప్రభృతులు వివరించిన ఒలిగోమైసినును మైటోకాండ్రియా ఆక్సిజన్ వినియోగమును తగ్గించును. అయినను డైనైట్రోఫినాల్ చేర్చినచో ఒలిగోమైసిన్ తగ్గించిన వినియోగము తిరిగి హెచ్చును. సయనైడు ఆపినది హెచ్చదు. మొదటిది ఏటీపీ తయారగు స్థలమును మూయుటయు, రెండవది ఎలక్ట్రానుల దారినే మూయుటయు ఇందుకు కారణము.

రంగును నమ్మువారికి రంగే ప్రమాదము. పరీక్షించు పదార్థమే వర్ణద్రవ్యమును క్షయకరణము చేయవచ్చును. లేదా తానే రంగు కలదై యుండవచ్చును. కావున మైటోకాండ్రియా లేని నాళిక నొకదానిని, నిరోధకము లేని నాళిక నొకదానిని ప్రక్కన నుంచి పోల్చనిదే ఫలితమును ప్రకటింపరాదు.

మన ప్రశంసలకును ఇట్టి పోలిక అవసరము. ఏటీపీని సుబ్బారావుగా రొక్కరే కనుగొనిరనుట సరికాదు. 1929లో జర్మనీలో లోమాన్, అమెరికాలో ఫిస్కీ, సుబ్బారావుగారలు వేర్వేరుగ దానిని గుర్తించిరి. ఇట్లు చెప్పినందున ఆయన గొప్పతనము తరుగదు. పరరాష్ట్రములలో పెరుగు మన పిల్లలకు తెలుగువారి ఘనతను చెప్పునప్పుడు కొలిచి చెప్పుదము. కొలతచే కీర్తి గాంచిన వానికి అదియే తగిన గౌరవము.