కాలయంత్రం ఆగిన ఏడాది

జాన్ నేథన్-టర్నర్ పేరు మన దగ్గర ఎక్కువమంది విని ఉండరు. ఇంగ్లండ్‌లో మాత్రం ఒక తరం సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఆ పేరును తిట్టు కింద వాడారు. 1947లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆయన, 1969లో బీబీసీ వారి ‘డాక్టర్ హూ’ సెట్ మీద కింది స్థాయి సహాయకుడిగా అడుగుపెట్టాడు. పదకొండేళ్లు తిరిగేసరికి ఆ సీరియల్‌కే నిర్మాత అయ్యాడు. తొమ్మిది సీజన్లు నడిపాడు. అది ఆగిపోయిందీ ఆయన చేతుల్లోనే. మళ్లీ మొదలైన రోజు చూడ్డానికి ఆయన లేడు.

ఆ సీరియల్ ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వేరే గ్రహం నుంచి పారిపోయి వచ్చిన ఒక బాటసారి. అతన్ని అందరూ డాక్టర్ అనే పిలుస్తారు. అతని వాహనం బయటికి నీలిరంగు పోలీసు పెట్టె, లోపలికి వెళ్తే అంతులేనంత ఇల్లు. దాంట్లో ఏ కాలానికైనా, ఏ లోకానికైనా పోవచ్చు. మనకు కాలయంత్రం అనగానే ‘ఆదిత్య 369’ గుర్తొస్తుంది. సింగీతం శ్రీనివాసరావు గారి ఆ సినిమా 1991లో విడుదలయ్యేటప్పటికి లండన్‌లో ఈ యంత్రం ఇరవయ్యారేళ్లు నడిచి, ఆగిపోయి కూడా ఏడాదిన్నర దాటింది. మొదటి డాక్టర్‌గా వేసిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం 1966లో దెబ్బతింది. అప్పుడు సీరియల్ తీసేవాళ్లకు ఒక ఉపాయం తట్టింది: చావు దగ్గరికొస్తే డాక్టర్ కొత్త శరీరం ధరిస్తాడు. దాంతో నటుడు మారినా కథ సాగుతుంది. సీరియల్‌కు అంత ఆయుష్షు పోసింది ఆ ఉపాయమే. పాత డాక్టర్ గొప్పా, కొత్త డాక్టర్ గొప్పా అన్న తగవుకు విత్తనం వేసిందీ అదే.

ఆ తగవు మా కౌకూర్ దాకా వచ్చింది. ఒకప్పుడు ఇంగ్లీషు దండు దిగిన బొల్లారం పక్కనే మా ఊరు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లూ, సాఫ్ట్‌వేర్ పిల్లలూ నిండిపోయారు. మా అన్నయ్య కూతురూ, దాని స్నేహితురాలూ కొత్త సీజన్ చూసి మా హాల్లోనే పోట్లాడుకున్నారు.

“మొత్తం ఆగం చేసిండ్రు బాబాయ్. అసలు డాక్టర్ హూ అంటే ఇది కానే కాదు,” అంది మా పిల్ల.

“పోయిన సీజన్‌కు గూడ నువ్వు గిట్లనే అన్నవ్ కదనే!” అంది రెండోది.

ఆ రెండో పిల్ల మాటలో చాలా చరిత్ర ఉంది. 1976లో ‘ద డెడ్లీ అసాసిన్’ అనే కథ వచ్చింది. ఇవాళ దాన్ని ఆణిముత్యం అంటారు. వచ్చిన కొత్తల్లో మాత్రం అభిమాన సంఘం అధ్యక్షుడే దాన్ని చీల్చి చెండాడుతూ సమీక్ష రాశాడు. డాక్టర్ పుట్టిన గ్రహాన్ని మామూలు రాజకీయ నాయకుల ఊరిలా చూపించారనీ, ఈ సీరియల్‌లోని మాయ పోయిందనీ ఆయన బాధ. ఆ బాధ అబద్ధం కాదు. ఎవరికైనా తాము పసితనంలో చూసిన డాక్టరే అసలు డాక్టర్.

అభిమానులను ఇక్కడే దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదు. వాళ్లు లేకపోతే ఈ సీరియల్ మొదటి పదేళ్లలో సగం మట్టిపాలయ్యేది. 1963 నవంబరు 23న, కెనడీ హత్య జరిగిన మర్నాడు, ప్రసారమైన మొట్టమొదటి భాగానికి దర్శకుడు వారిస్ హుస్సేన్. లక్నోలో పుట్టినవాడు, రచయిత్రి అతియా హుస్సేన్ కొడుకు, అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు. మరుసటి ఏడు ఆయన ‘మార్కో పోలో’ తీశాడు. ఏడు భాగాల ఆ కథలో ఒక్కటి తప్ప అన్నీ ఆయన దర్శకత్వమే. వాటిలో ఒక్క భాగం బొమ్మ కూడా నేటికి దొరకలేదు. ఆ రోజుల్లో టేపులు ఖరీదు, బీరువాల్లో చోటు తక్కువ. బీబీసీ పాత టేపుల మీద కొత్త కార్యక్రమాలు రికార్డు చేసింది, ఫిల్ముల్ని పారేసింది. అరవైల నాటి భాగాలు దాదాపు వంద అలా పోయాయి. కానీ వాటి మాటలు మాత్రం మిగిలాయి. టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి, ఇంట్లో ఎవరినీ దగ్గనివ్వకుండా ధ్వనిని పట్టుకున్న పిల్లల వల్ల మిగిలాయి. పోయిన భాగాల్లో శబ్దం దొరకనిది ఒక్కటీ లేదు. తీసిన సంస్థే పారేసిన వస్తువును చూసేవాళ్లు దాచిపెట్టారు. ఇంతకంటే పెద్ద ప్రేమ ఒక సీరియల్‌కు ఎక్కడ దొరుకుతుంది?

జాన్ ఆ ప్రేమ తెలిసినవాడు. 1980లో పగ్గాలు చేపట్టగానే సంగీతం మార్చాడు, టైటిల్స్ మార్చాడు, సీరియల్‌కు కొత్త మెరుపు తెచ్చాడు. రంగురంగుల హవాయి చొక్కాలు వేసుకుని, అమెరికాలో అభిమానుల సభలకు నటుల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు. 1983లో ఇరవయ్యేళ్ల పండుగకు లాంగ్‌లీట్ అనే జమీందారీ భవనం దగ్గర ఈస్టర్ సెలవుల్లో ఉత్సవం పెడితే, నిర్వాహకుల అంచనాలు దాటి జనం పోటెత్తారు. అంతకుముందు ఏ నిర్మాతా అభిమానులకు ఇంత దగ్గరగా మసలలేదు. దగ్గరికి రానిచ్చినవాడినే ముందు కొడతారు. నాకు తెలిసినంతలో ఆయన పతనానికి తొలి మెట్టు ఆ దగ్గరితనమే.

రెండో మెట్టు ఒక కోటు. ఆరో డాక్టర్‌గా కాలిన్ బేకర్ వచ్చినప్పుడు, అభిరుచి అన్నది మచ్చుకైనా లేని దుస్తులు కావాలని జాన్ పట్టుబట్టాడు. డిజైనర్ పచ్చ, ఎరుపు, పసుపు, గులాబి ముక్కలు కలిపి అతుకుల బొంత లాంటి కోటు కుట్టింది. కాలిన్ బేకర్ మంచి నటుడు. ఆ కోటులోంచి ఆయన ముఖం చూడ్డానికి ప్రేక్షకులకు చాలా ఏళ్లు పట్టింది.

1985 ఫిబ్రవరి చివర్లో దెబ్బ పడింది. బీబీసీ 1 అధిపతి మైకేల్ గ్రేడ్‌కు ఆ సీరియల్ గిట్టదు. తర్వాతి సీజన్‌ను పక్కన పెట్టేశాడు. పద్దెనిమిది నెలల విరామం. అభిమానులు రోడ్డెక్కినంత పని చేశారు. ఇయాన్ లెవీన్ అనే అభిమాని నాయకత్వంలో నటులూ గాయకులూ కలిసి ‘డాక్టర్ ఇన్ డిస్ట్రెస్’ అని ఒక పాట రికార్డు వదిలారు. వచ్చే డబ్బు క్యాన్సర్ సేవకని చెప్పారు. బీబీసీ దాన్ని ప్రసారం చెయ్యలేదు, అమ్మకాల పట్టికలోకీ అది ఎక్కలేదు. పారెయ్యబోతున్న పాత ఫిల్ములను 1978లో అడ్డుపడి కాపాడింది ఈ లెవీనే. తర్వాత జాన్‌ను తీవ్రంగా విమర్శించినవాళ్లలో ముందు నిలిచిందీ ఆయనే.

1986లో సీరియల్ తిరిగి వచ్చింది. కథ పేరు ‘ద ట్రయల్ ఆఫ్ ఎ టైమ్ లార్డ్’. పద్నాలుగు భాగాల పాటు డాక్టర్ మీద కోర్టు విచారణ. బయట సీరియల్ మీద విచారణ జరుగుతున్న సమయంలో లోపల కూడా విచారణే పెట్టారు. చివరి రెండు భాగాలు రాయాల్సింది రాబర్ట్ హోమ్స్, ఈ సీరియల్‌కు రాసినవాళ్లలో అందరికంటే గట్టివాడు. మే నెలలో ఆయన చనిపోయాడు. మిగిలింది స్క్రిప్ట్ ఎడిటర్ ఎరిక్ సావర్డ్ పూర్తి చేశాడు. డాక్టరూ అతని శత్రువూ పెనుగులాడుతూ అగాధంలో పడిపోవడం, ఎవరు బతికారో చెప్పకుండా వదిలెయ్యడం ఆయన రాసిన ముగింపు. జాన్ వద్దన్నాడు. అలా ముగిస్తే, సీరియల్‌ను అక్కడితో ఆపెయ్యడానికి పైవాళ్లకు మనమే సాకు ఇచ్చినట్టవుతుందన్నది ఆయన భయం. ఆ భయం నిజమైనదే. సావర్డ్ అప్పటికే ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. తన చివరి భాగాన్ని వాడుకోవద్దని ఇప్పుడు అనుమతి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఒక పత్రికలో జాన్‌ను దుమ్మెత్తి పోశాడు.

షూటింగ్ నెత్తి మీదికొచ్చింది, చివరి భాగం లేదు. పిప్, జేన్ బేకర్ అనే రచయితల జంటను జాన్ పిలిచాడు. సావర్డ్ రాసిన ముగింపు వాళ్లకు చెప్పకూడదు, చెబితే దావా. అందుకని వాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక లాయరు పక్కన కూర్చున్నాడు. ముందు భాగం ఇదిగో, దీని తర్వాత ఏం జరగాలో మీరే తేల్చండి. జాన్ అంతే చెప్పగలిగాడు. పద్నాలుగు వారాల కథకు ఏ దారీ తెలియకుండా కొద్ది రోజుల్లో ముగింపు కట్టిన ఆ ఇద్దరి అవస్థ తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది.

అది డిసెంబరు 6న ప్రసారమైంది. ఆ తర్వాత బీబీసీలో ‘ఓపెన్ ఎయిర్’ అనే కార్యక్రమంలో అభిమానుల్ని కూర్చోబెట్టి అభిప్రాయం అడిగారు. పదహారేళ్ల కుర్రాడొకడు, ఆ ముగింపు చాలా పేలవంగా ఉందనీ, ఇంతకంటే బాగా రాయొచ్చనీ ఆ రచయితలకు సూటిగానే చెప్పాడు. ఆ కుర్రాడి పేరు క్రిస్ చిబ్నాల్. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. లాయరు సంగతి అతనికి తెలిసే అవకాశం లేదు, చెప్పే స్వేచ్ఛ వాళ్లకు లేదు.

అక్కడి నుంచి జారుడే. కాలిన్ బేకర్‌ను తీసెయ్యమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. శరీరం మారే ఒక్క దృశ్యం కోసం మళ్లీ రావడానికి ఆయన ఒప్పుకోలేదు. 1987లో కొత్త డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్, పాత డాక్టర్ ఉంగరాల జుట్టు విగ్గు పెట్టుకుని, ఆ రంగుల కోటే తొడుక్కుని నేల మీద పడుకున్నాడు. ముఖాన్ని వెలుగుతో కప్పేశారు. ఒక నటుడికి వీడ్కోలు చెప్పిన తీరు అది. ప్రసారానికి ఇచ్చిన వేళ కూడా చూడండి: పోటీ ఛానెల్ ఐటీవీలో దేశమంతా చూసే ‘కరొనేషన్ స్ట్రీట్’ వచ్చే సమయానికే దీన్నీ పెట్టారు. 1979లో, ఐటీవీ సమ్మెలో ఉన్న రోజుల్లో, ఒక భాగాన్ని కోటీ అరవై లక్షల మంది చూశారు. 1989 సెప్టెంబరులో ‘బాటిల్‌ఫీల్డ్’ మొదటి భాగాన్ని చూసింది 31 లక్షల మంది.

అభిమానుల పత్రిక ఒకటి జాన్ దిగిపోవాలని పతాక శీర్షికే పెట్టింది. వాళ్లకు తెలియనిది ఏమిటంటే, దిగిపోతానని ఆయనే అడుగుతూ వచ్చాడు. ఆయన తప్పుకుంటే ఆ కుర్చీలోకి వచ్చేవాళ్లు లేరు, ఆయనకు వేరే పని ఇచ్చే ఉద్దేశం సంస్థకు లేదు. కొత్త స్క్రిప్ట్ ఎడిటర్ ఆండ్రూ కార్ట్‌మెల్, యువ రచయితలూ చేరాక చివరి రెండు సీజన్లలో కథలు నిజంగానే పుంజుకున్నాయి. ‘రిమెంబ్రెన్స్ ఆఫ్ ద డాలెక్స్’ ఇవాళ చూసినా కట్టిపడేస్తుంది. అప్పటికి చూసేవాళ్లు లేరు. 1989 డిసెంబరు 6, బుధవారం, ‘సర్వైవల్’ మూడో భాగంతో అయిపోయింది. రద్దు చేశామని బీబీసీ అనలేదు. వాయిదా అన్నట్టుగానే ఉంచింది. మరుసటి వేసవిలో జాన్ ఆఫీసు ఖాళీ చేశాడు.

ఆ తర్వాత బీబీసీలో ఆయనకు చెప్పుకోదగ్గ పని దొరకలేదు. తాగుడు ఎక్కువైంది. 2002 మే 1న బ్రైటన్‌లో కాలేయం చెడి పోయాడు. యాభై నాలుగేళ్లు. 2013లో వచ్చిన జీవితచరిత్ర, యువకులైన అభిమానుల పట్ల ఆయన ప్రవర్తన మీద తీవ్రమైన ఆరోపణలు బయటపెట్టింది. వాటిని దాటవేసి ఆయన్ని బలిపశువుగా మాత్రమే చూపడం నాకు చేతకాదు. దగ్గరికి వచ్చిన అభిమానుల్లో కొందరు ఆ దగ్గరితనానికి మూల్యం చెల్లించి ఉంటే, వాళ్ల దుఃఖం కూడా ఈ పతనంలో భాగమే.

2005 మార్చి 26న సీరియల్ తిరిగి లేచింది. లేపినవాళ్లు ఆ పాత అభిమానులే. రస్సెల్ టి డేవిస్, ఆయన తర్వాత స్టీవెన్ మోఫట్. పన్నెండో డాక్టర్‌గా వేసిన పీటర్ కపాల్డి, 1974లో ఇదే సీరియల్ గురించి పత్రికకు ఉత్తరం రాసిన కుర్రాడు. 2018లో పగ్గాలు క్రిస్ చిబ్నాల్‌కు దక్కాయి. డాక్టర్‌గా మొదటిసారి ఒక మహిళ, జోడీ విట్టేకర్. తొలి భాగాన్ని కోటి మందికి పైగా చూశారు. 2020లో డాక్టర్ పుట్టుకనే తిరగరాసే కథ వచ్చేసరికి అభిమానులు రెండుగా చీలిపోయారు. ఇంతకంటే బాగా రాయొచ్చని పదహారేళ్ల కుర్రాళ్లు చిబ్నాల్‌తో అన్నారు. చిబ్నాల్ వెళ్లాక డేవిస్ మళ్లీ వచ్చాడు, డిస్నీ డబ్బు వచ్చింది, 2025లో డిస్నీ పక్కకు తప్పుకుంది. మా హాల్లో పోట్లాట ఆ ఏడాది వచ్చిన సీజన్ గురించే.

ఆ పిల్లలకు నేను ఒక్క సంగతి చెప్పాను. 2009లో ‘డాక్టర్ హూ’ పత్రిక అప్పటిదాకా వచ్చిన 200 కథలకూ పాఠకుల చేత ఓటు వేయించింది. మొదటి స్థానం ‘ద కేవ్స్ ఆఫ్ ఆండ్రోజానీ’కి వచ్చింది. రాబర్ట్ హోమ్స్ రాశాడు. తన స్నేహితురాలిని కాపాడటానికి ఐదో డాక్టర్ ప్రాణమిచ్చే కథ. చిట్టచివర, రెండు వందలో స్థానంలో, ‘ద ట్విన్ డైలమా’. రంగుల కోటు మొదట కనిపించిన కథ. 1984 మార్చిలో మొదటిది ముగిసిన ఆరు రోజులకే రెండోది మొదలైంది. రెండింటికీ నిర్మాత జాన్ నేథన్-టర్నరే. ఆ పట్టిక అచ్చయ్యేనాటికి ఆయన పోయి ఏడేళ్లయింది.