ప్లాస్టిక్ లెక్కలు ఎందుకు కలవలేదు?

ఫ్రెండ్స్, ముందు నా తప్పు ఒప్పుకుంటా. ఇంతకుముందు ఒక వీడియోలో రెండు సముద్రాల ప్లాస్టిక్ అంకెలు పక్కపక్కన పెట్టి, "ఇక్కడే ఎక్కువ" అనేశాను. రెండుచోట్లా ఒకే రకం వల వాడారా అని చూడలేదు.

1972లో కార్పెంటర్, స్మిత్ సర్గాసో సముద్రంలో వల లాగి, చదరపు కిలోమీటరుకు సగటున 3,500 ముక్కలు అని రాశారు. 2004లో రిచర్డ్ థాంప్సన్ బృందం "మైక్రోప్లాస్టిక్" మాటను వాడుకలోకి తెచ్చింది. ఆ తర్వాత లెక్కలే లెక్కలు! ఒకరు చదరపు కిలోమీటరుకు చెబితే, ఇంకొకరు ఘనపు మీటరుకు. వల కన్ను పెద్దదైతే సన్న పోగులు జారిపోతాయి, మురికి సముద్రం కూడా శుభ్రంగానే కనిపిస్తుంది.

అందుకే 2019లో జపాన్ పర్యావరణ శాఖ, ఐక్యరాజ్యసమితి సంస్థల నిపుణుల బృందం గెసాంప్ వేర్వేరుగా మార్గదర్శకాలు ఇచ్చాయి. కొలతలు కలిస్తేనే కదా, నిషేధాలు పనిచేశాయో లేదో తేలేది! ఇకపై అంకె ఫార్వర్డ్ చేసేముందు ఒక్కటి అడగండి: ఏ వలతో?