జాతీయ పర్యావరణ విధానం – హైదరాబాద్ చెరువులు

భారతదేశ పర్యావరణ విధానాన్ని దుర్ఘటనలు, అంతర్జాతీయ సదస్సులు, కోర్టు తీర్పులు బిగిస్తూ వచ్చాయి. పెట్టుబడుల తొందర, నగరాల్లో భూమి ధర సడలిస్తూ వచ్చాయి. ఈ మార్పులు పాతబస్తీలోని సంతోష్‌నగర్ చుట్టుపక్కల చెరువుల దాకా వచ్చి తాకాయి.

1972 స్టాక్‌హోమ్ పర్యావరణ సదస్సులో ఇందిరా గాంధీ ప్రసంగించారు. 1974లో జల కాలుష్య చట్టం, 1976లో పర్యావరణ రక్షణను రాజ్యాంగంలో చేర్చిన 42వ సవరణ వచ్చాయి. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు వేలమందిని బలిగొన్నాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేశారు. పరిశ్రమ పెట్టకముందే దాని ప్రభావాన్ని అంచనా వేయాలన్న నియమం 1994లో తప్పనిసరైంది. 2006లో పర్యావరణ అనుమతుల్లో చాలావాటిని రాష్ట్రస్థాయి సంస్థలకు అప్పగించారు.

సుప్రీంకోర్టు వేసిన పెద్ద అడుగుల్లో ఒకటి హైదరాబాద్ తాగునీటి కోసం. నగర తాగునీటి జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను 1996 నాటి జీవో 111 నిషేధించింది. ఆ పరిధిలో తలపెట్టిన ఒక నూనె కర్మాగారం వివాదంలో (ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసు) సుప్రీంకోర్టు 1999లో ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా నిలబెట్టింది: హాని ఉండదని చూపాల్సింది పరిశ్రమ పెట్టేవారే. 2022లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో జీవో 111 ఆంక్షలను ఎత్తేసింది.

చెరువుల విషయంలో అసలు మలుపు మాత్రం ఒక నిర్వచనంలో ఉంది. 2010 నాటి కేంద్ర చిత్తడి నేలల నిబంధనలు మనిషి కట్టిన జలాశయాలనూ చిత్తడి నేలలుగానే లెక్కించాయి. 2017 నిబంధనలు తాగునీటి కోసం, సాగు కోసం కట్టినవాటిని ఆ లెక్కలోంచి తీసేశాయి. తెలంగాణ చెరువుల్లో అత్యధికం కట్ట, తూము, అలుగు పెట్టి మనిషి కట్టుకున్నవే కాబట్టి ఇది చిన్న మినహాయింపు కాదు. ఆయకట్టు ఎప్పుడో ప్లాట్లుగా మారిన చెరువు కూడా సాగు కోసం కట్టిందే అవుతుంది; ఆ నిబంధనల రక్షణ దానికి దక్కదు.

చెరువులకు రక్షణ కరువైతే ఏమవుతుందో పాతబస్తీ చూసింది. 2020 అక్టోబరు వానలకు సంతోష్‌నగర్‌కు దక్షిణాన బార్కస్ దగ్గర గుర్రం చెరువు తెగింది. దిగువన హఫీజ్‌బాబానగర్ గల్లీలను నీరు ముంచెత్తింది. నీరు దిగాక గోడల మీద బురద చార మిగిలింది; పరుపులు, తడిసిన బియ్యం వీధిలోకి వచ్చాయి. చెరువు నీరు నిలవాల్సిన శిఖం భూముల్లో, నీరు పారాల్సిన నాలాల ఒడ్డున ఇళ్లు లేచి దశాబ్దాలు గడిచాయి.

కేంద్ర నిబంధన వదిలేసిన చోట 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వంటి రాష్ట్ర చట్టాలే దిక్కు. 2024లో ఏర్పడిన హైడ్రా (హైదరాబాద్ విపత్తు స్పందన, ఆస్తుల పరిరక్షణ సంస్థ) చెరువుల పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలోని ఆక్రమణలను తొలగించే పని చేపట్టింది.