విద్యార్థి కార్యక్రమాల ముప్పు అంచనా

విద్యార్థి సంఘాలు, క్లబ్బులు, ఎన్.ఎస్.ఎస్. యూనిట్లు యాత్ర, శిబిరం, ఉత్సవం వంటివి తలపెట్టినప్పుడు ఎక్కడ, ఎవరికి, ఏ ప్రమాదం రావచ్చో ముందే ఊహించి, నివారణ మార్గాలను రాసిపెట్టుకునే పద్ధతి. దీని అవసరాన్ని తెలుగువారికి గుండె కోతతో తెలియజెప్పింది బియాస్ నది దుర్ఘటన. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్ మండి జిల్లాలో, హైదరాబాద్ వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు నదిలో ఫొటోలు దిగుతుండగా ఎగువన లార్జి ఆనకట్ట నుంచి నీరు వదిలారు. 24 మంది విద్యార్థులు, ఒక యాత్రా నిర్వాహకుడు కొట్టుకుపోయి మరణించారు. విద్యార్థుల భద్రతపై యూజీసీ 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది.

అనంతపురం జిల్లా కంబదూరు వంటి కరువు సీమలో ముప్పు నీటి ఉరవడి కాదు, నీరు లేకపోవడం. ఇక్కడి మల్లికార్జున ఆలయం చూపడానికి పిల్లల్ని తీసుకెళ్లినా అంచనా పత్రంలో ఉండాల్సినవి: మనిషికి ఎన్ని లీటర్ల నీళ్లు, మిట్టమధ్యాహ్నం నీడ ఎక్కడ, దారిలో మూతలేని బోరుబావులు, పాడుబావులు ఉన్నాయా, దగ్గరి ఆస్పత్రి ఏది, 108కు ఫోన్ కలుస్తుందా. ప్రతి ముప్పుకు ఎదురుగా బాధ్యుడి పేరు రాయాలి. స్థలం చూడకుండా, సంతకం కోసం ముందురోజు రాత్రి నింపిన పత్రం ఎందుకూ కొరగాదు.