ఉత్తరంగా, హిమానీనదాల వరకు

చిన్నప్పుడు బడిలో అట్లాసు తెరిచినప్పుడల్లా కాశ్మీరానికి ఉత్తరపు కొసన ఉన్న తెల్లని మచ్చను చూసి, అక్కడ రంగు వేయడం మరచిపోయారేమో అనుకునేవాణ్ణి. అది సియాచెన్ అనీ, దాదాపు 76 కిలోమీటర్ల పొడవున పరచుకున్న మంచునది అనీ చాలాకాలానికి తెలిసింది. ఆ తెల్లదనాన్ని కాగితం మీదికి తెచ్చినవారి గురించి ఇంకా ఆలస్యంగా చదివాను.

1909లో బ్రిటిష్ వైద్యుడు టామ్ లాంగ్‌స్టాఫ్ బిలాఫోండ్ కనుమ దాటి చూసేవరకు, సియాచెన్ ఎంత దూరం సాగుతుందో పటాలు గీసేవారికి తెలియదు. 1912లో వర్క్‌మన్ అనే అమెరికన్ దంపతుల యాత్ర దానిని కొలిచింది. కొలిచినవారు గ్రాంట్ పీటర్కిన్, ఆయనకు తోడుగా భారత సర్వే శాఖకు చెందిన సర్జన్ సింగ్. ఆ యాత్రలోనే చెనోజ్ అనే ఇటాలియన్ కూలీ మంచు పగులులో పడి మరణించాడు. తరువాత 1929-30లో డచ్చి యాత్రికుడు విస్సర్ వెంట వెళ్ళిన అఫ్రాజ్ గుల్, మహమ్మద్ అక్రమ్ ఆ ప్రాంతపు పటాన్ని మరింత నింపారు.

వారి ప్రధాన సాధనం ముక్కాలిపీట మీద నిలిపిన ఒక చదునైన బల్ల. దానిపై కాగితం. స్థానం ముందే తెలిసిన మూడు శిఖరాలను గురిచూసి గీతలు గీస్తే, అవి కలిసే చోటే తాము నిలబడిన చోటు. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, మబ్బు తొలగే క్షణం కోసం గంటల తరబడి ఎదురుచూస్తూ ఆ గీతలు గీశారు.

ఇంత శ్రమపడి గీసిన పటం ఉండగానే, 1949 జూలైలో కరాచీలో భారత, పాకిస్తాన్ ప్రతినిధులు కాల్పుల విరమణ రేఖను ఎన్‌జె 9842 అనే బిందువు దగ్గర ఆపేశారు. అక్కడినుండి రేఖ ఉత్తరంగా హిమానీనదాల వరకు పోతుందని మాత్రం రాసుకున్నారు. ఆ మంచులో మనుషులకేం పని అనుకున్నారు కాబోలు. 1972లో గీసిన నియంత్రణ రేఖ కూడా ఆ బిందువు దాటలేదు. ఉత్తరంగా అంటే ఎటు అన్న ప్రశ్నకు ఇరు దేశాలు చెరొక జవాబు చెప్పుకున్నాయి. 1984 ఏప్రిల్‌లో సైన్యాలు మంచు మీదికి ఎక్కాయి. అక్కడ తుపాకులకంటె చలీ, హిమపాతాలే ఎక్కువమందిని బలిగొన్నాయి. 2016 ఫిబ్రవరిలో ఒక శిబిరం మీద మంచుచరియ విరిగిపడి మరణించిన పదిమంది భారత సైనికులలో మన కర్నూలు జిల్లా యువకుడొకడు ఉన్నాడు.

ఇప్పుడు అట్లాసు తెరిస్తే ఆ తెల్లమచ్చ నాకు ఖాళీగా కనిపించదు. గీత గీయడానికి వెళ్ళి చెనోజ్ పోయాడు. గీయకుండా వదిలేసిన గీత దగ్గర మనవాడు పోయాడు.